దగ్గుతో సహా రీఇష్యూ

హరనాథబాబుకి సాక్సోఫోన్ అంటే ప్రాణం. సాక్సోఫోన్ ఊదే వినోద్‌కుమార్ అంటే మాత్రం ఒళ్లు మంట.

బాన్సువాడలో ఎరువుల కొట్టు నడిపే మనిషికి ఈ పిచ్చేమిటని అడక్కండి. కుర్రతనంలో వర్ని ఊళ్లో పొలానికి కాపలా పడుకున్నప్పుడు రేడియోలో పట్టుకుంది, ఇక వదల్లేదు. అప్పుడు విన్న పాత అమెరికా జాజ్ రికార్డులే ఇప్పుడు సీడీలుగా మళ్లీ వస్తున్నాయి. రీఇష్యూలంటారు. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా యూరియా పని చూసుకుని, చంకలో ఓ సీడీ పెట్టుకుని బస్సు దిగుతాడు.

"స్వింగ్ వింటే కాలు ఊరుకోదు. కూల్ జాజ్ వింటే బీపీ దిగుతుంది," అంటాడు.

"దూడ కోసం గేదె అరిచినట్టుంది," అంటుంది భార్య నాగేంద్రమ్మ.

వినోద్ తండా కుర్రాడు. డిగ్రీలో వీళ్లమ్మాయి మాధురికి క్లాస్‌మేట్. ఇప్పుడు బాన్సువాడలోనే పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ వాయిస్తున్నాడు. అతన్నే చేసుకుంటానని మాధురి చెప్పగానే హరనాథబాబు ఇంతెత్తున లేచాడు.

"బరాత్‌లో గుర్రం ముందు ఊదేవాడికి నా పిల్లనివ్వాలా? అదీ ఓ సంగీతమేనా? ఊపిరి దండగ!"

మాధురి ఏడ్చింది. అలిగింది. అన్నం మానేసింది, రెండో పూటకే తినేసింది. తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఆ చలికాలమంతా ఇంట్లో ఒకటే వింత. అల్మరాలోంచి సీడీ ఒకటి మాయమయ్యేది. కొన్నాళ్లకి అదే చోట ప్రత్యక్షమయ్యేది. అది రాగానే ఇంకోటి మాయం.

"మనింట్లో ఎలుకలకి కూడా జాజ్ అలవాటైందే!" అని హరనాథబాబు తెల్లబోయేవాడు.

ఎండాకాలం వచ్చింది. కోటగిరి నుంచి ఆదివారం పెళ్లిచూపులకి వస్తామని కబురూ వచ్చింది. నాన్న మనసు మార్చాలంటే మాధురికి మిగిలింది శనివారం సాయంత్రమే.

ఆ సాయంత్రం ఆమె వెనక మెట్ల మీంచి దిగి వచ్చింది. వరండాలో హరనాథబాబు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పక్కన నాగేంద్రమ్మ విసనకర్రతో టపటపా విసురుకుంటోంది.

"నాన్నా, కొత్త రీఇష్యూ తెప్పించా. మేడ మీద గదిలో పెడతా, ఇక్కణ్ణుంచే వినండి."

"ఏంటే, ఇవాళ ఇంత ప్రేమ?"

"ఏంది నాన్నా, ప్రేమగుంటే కూడా తప్పేనా?"

మాధురి పైకెళ్లి వచ్చింది. సాక్సోఫోన్ మొదలైంది.

మొదట స్వింగ్. హరనాథబాబు చెప్పులోంచి కాలు బయటికొచ్చి తాళం వేయడం మొదలెట్టింది. తర్వాత కూల్ జాజ్. తొందరేం లేదన్నట్టు, పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు నెమ్మదిగా సాగింది. చివరికి నాగేంద్రమ్మ కూడా విసనకర్ర ఆపి చెవి అటు పెట్టింది. మాధురి చున్నీ అంచు నమిలేస్తోంది.

ఉన్నట్టుండి మేడ మీద ఎవరో దగ్గారు.

మాధురి చున్నీ వదిలేసి గబగబా అందుకుంది. "పాత రికార్డింగు కదా నాన్నా... అప్పటి దగ్గు కూడా అలాగే ఉంచేశారు."

"అవునవును. రీఇష్యూల్లో అట్లాగే ఉంచుతారు," అన్నాడు హరనాథబాబు గంభీరంగా.

పాట అయిపోయింది. హరనాథబాబు కళ్లజోడు తీసి తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

"ఎవరమ్మా ఈయన?"

"పెద్ద పేరున్నవాడు కాదు నాన్నా."

"వస్తుంది. పేరుదేముంది. ఇలా ఊదేవాడికి కళ్లు మూసుకుని పిల్లనిచ్చెయ్యొచ్చు."

మాధురి ఎగిరి ఆయన ముందు కూర్చుంది. "నిజంగానా? మాట మారిస్తే ఊరుకోను!"

"మీ అమ్మ మీదొట్టు."

"మధ్యలో నేనేం చేశానయ్యా?" అంది నాగేంద్రమ్మ.

మాధురి మేడ వంక చూసింది. మళ్లీ నాన్న వంక చూసింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీక గొంతు సవరించుకుంది.

ఈలోగా హరనాథబాబే తల పైకెత్తి కేకేశాడు: "ఇక కిందికి రా బాబూ వినోద్, మధ్యాహ్నం నుంచీ మా వీధిలో కరెంటు లేదు!"