నీలమా, తెలుపా?

ఎనిమిదేళ్ల మనవరాలిని పెంచడంలో అమ్మమ్మకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా అరవై ఎనిమిదేళ్ల తాతయ్యతోనే.

పది గంటలకు పిల్లల సంక్షేమ కార్యాలయంలో ఉండాలి. అమ్మానాన్నా లేని మనవరాలు వీళ్ల దగ్గరే ఉంటుందా, హాస్టల్‌కు వెళ్తుందా అన్నది అక్కడి ఆఫీసరమ్మ ఇవాళే తేలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ రావాలని మరీ మరీ చెప్పారు. తొమ్మిదయినా తాతయ్య బనీనుతో, పేపరు వెనకాలే ఉన్నాడు.

"ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాణ్ణి. ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి హారన్ ఎక్కడుందో చూపిస్తారా? పిల్లల్ని పెంచడం నాకొకరు నేర్పాలా? నేను రాను."

మనవల్ని పెంచే పెద్దల కోసం ఆ కార్యాలయం వాళ్లు ఇచ్చిన పుస్తకం అమ్మమ్మకు కంఠతా వచ్చు. మూడో పాఠం: మొండికేసిన పిల్లల్ని వస్తావా, రావా అని అడక్కూడదు. రెండు చూపించి ఒకటి ఎంచుకోమనాలి. ఏది ఎంచుకున్నా మన పని అయిపోవాలి.

"ఏవండీ, నీలం చొక్కానా, తెల్లదా?"

"తెల్లదానికి బొత్తాం ఊడింది. నీలం," అన్నాడు తాతయ్య పేపరు దించకుండానే. అనడమే కాదు, లేచి తొడుక్కున్నాడు కూడా.

బస్సులో అమ్మమ్మ మనవరాలిని పక్కన పెట్టుకుని, రాజ్యం గెలిచినంత ధీమాగా కిటికీ పక్కన కూర్చుంది.

ఆఫీసరమ్మ బడి గురించి అడిగింది, జ్వరమొస్తే ఏం చేస్తారని అడిగింది, టీవీ ఎంతసేపని అడిగింది. తాతయ్య నోరు జారబోయినప్పుడల్లా అమ్మమ్మ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. అంతా విని ఆఫీసరమ్మ అనుమతి కాగితం పక్కకు జరిపింది.

"బాగానే చెప్పారు. కానీ మీ వయసు చూస్తే... ఇంకో నెల ఆగి చూద్దామండీ."

తాతయ్య అమ్మమ్మ వంక చూశాడు. అమ్మమ్మ కాగితం వంక చూసింది. మనవరాలు మాత్రం కుర్చీ దిగి బల్ల దగ్గరకు వెళ్లింది.

"ఆంటీ, సంతకం ముందు పెడతారా, ముద్ర ముందు వేస్తారా?"

"సంతకమేనమ్మా ముందు," అంటూ ఆఫీసరమ్మ పెట్టేసింది. ముద్ర కూడా వేశాక గానీ ఆమె చెయ్యి ఆగలేదు. ఆగాక కాగితం వంక చూసి పకపకా నవ్వింది.

"ఇది మా మూడో పాఠం కదూ! పోన్లెండి, ఇలాంటి పిల్లను పెంచినవాళ్లకు ఇంకా గడువెందుకు? తీసుకెళ్లండి. అవునుగానీ పాపా, అది పెద్దవాళ్ల పుస్తకం. నీకెలా తెలుసు?"

"నా కళ్లకు ఆ చిన్నక్షరాలు ఆనవండీ," నసిగింది అమ్మమ్మ. "రోజూ మా పిల్లే చదివి వినిపించేది."

"మొత్తమా?"

"అట్టతో సహా."

తాతయ్య బల్ల గుద్ది నవ్వాడు. "పోలీసుల ప్లానంతా దొంగచేతే చదివించావన్నమాట! తప్పంతా నీదే!"

అమ్మమ్మకు మొన్నటి సంగతి తట్టింది. "ఐస్‌క్రీమ్ భోజనానికి ముందా, తర్వాతా?" అని పిల్ల అడిగితే, "తర్వాతే!" అని గద్దించి, తనదే పైచేయి అనుకుంది.

మనవరాలు ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, తప్పు ఇక్కడే ఒప్పుకుంటావా, ఇంటికెళ్లాకా?"

"ఇక్కడే," అనేసింది అమ్మమ్మ. "నిన్ను నేను పెంచుతున్నాననుకున్నానే తల్లీ. తప్పు నాదే!"