పాట తీసిన కొండ

"గింత దూరమొచ్చి బండ ఎక్కనంటవేందమ్మా?" అఖిల విసుక్కుంది.

కిష్టమ్మ కదల్లేదు. దారి పక్క గట్టు మీద కూర్చుని కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది. ఎదురుగా కొండ అంచున నల్లటి బండ. దాని కింద లోయ నిండా తెల్లటి మబ్బు. పాత సినిమాలో హీరోయిన్ వానలో తడుస్తూ ఎదురుచూసింది ఆ బండ మీదే. ఆఖరికి హీరో పరుగెత్తుకుంటూ వస్తాడు. ఆ పాట కోసమే జనం ఇప్పటికీ ఇక్కడికి వస్తుంటారు.

హైటెక్ సిటీలో అఖిల పనిచేసే ఆఫీసు వాళ్లు ఉద్యోగులను కుటుంబాలతో సహా బస్సులో తీసుకొచ్చారు. అందరూ బండ మీద ఫోటోలు దిగుతున్నారు. తల్లితో దిగాలని అఖిల పొద్దుట్నుంచీ అనుకుంటోంది.

"టీవీల ఆ పాటొస్తే నాయిన సౌండు పెంచుతుండె. అంత ఇష్టమున్నోడు నిన్ను ఒక్కసారన్న తీసుకొచ్చిండా? మూసాపేట నుంచి పొద్దుగాల బయల్దేరితే పొద్దుగూకే వరకు మళ్ల ఇంట్ల ఉంటం. ఇగ ఆయన పోయిండు. నేను తీసుకొస్తే నువ్వు గిట్ల చేస్తవ్."

"మీ నాయిననేం అనకు."

"అంటే తప్పా? నీ ముచ్చట ఒక్కటన్న తీర్చిండా?"

"ఏటేటా అడిగిండు, పోదాం పా అని. నేనే రాలే."

అఖిల ఫోను పక్కన పెట్టింది. "ఎందుకు?"

కిష్టమ్మ బండ వైపు చెయ్యి చూపింది.

"పెండ్లి కాకముందు ఒకసారి వచ్చిన ఈడికి. మా ఊరి పిల్లగాడు పెండ్లి చేసుకుందామన్నడు. సినిమాల లెక్క ఆ బండ కాడికే రమ్మన్నడు. ఇంట్ల చెప్పకుండ వచ్చి కూసున్న. వాన పట్టింది. ఎంతసేపు చూసినా వాడు రాలే."

అఖిల వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "మరెట్ల పోయినవ్ ఇంటికి?"

"ఆఖరి బస్సుల పోయిన. మా ఊర్ల ఎవలకూ తెల్వదు."

"నాయిన అడిగితే గది యాదికొస్తుండెనా?"

"యాదికొచ్చుడు కాదు. సిగ్గయితుండె. నన్ను ఎత్తిపొడువనీకే అడుగుతున్నడనుకున్న. అడిగినప్పుడల్లా కొట్లాడిన. మంచం పట్టినంక గూడ అడిగిండు, ఒక్కసారి పోయి ఇద్దరం ఆ బండ మీద కూసుందామే అని. నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న."

అఖిల తల్లి చెయ్యి పట్టుకుంది. బండ మీద నుంచి ఎవరో అఖిలను పిలిచారు. వస్తున్నా అన్నట్టు చెయ్యి ఊపిందే కాని లేవలేదు.

"ఊర్ల ఎవలకూ తెల్వదంటివి. మరి నాయినకెట్ల తెల్సు?"

కిష్టమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వానల తడుస్తున్న నన్ను చూసి, బస్సు ఆపి ఎక్కించుకున్న డ్రైవరు మీ నాయినే బిడ్డా."