నూట తొంభై ముఖాలు

‘డిస్కు నిండింది’ అని ఎర్రటి అక్షరాలు చూపించి కంప్యూటర్ ఆగిపోయింది.

మార్చురీ రికార్డు క్లర్కు తల పట్టుకున్నాడు.

వరదలో పోయి, ఎవరూ గుర్తుపట్టకముందే మట్టిలో కలిసినవాళ్ళు ఐదువందల నలభై మంది. మనిషికొక ఫోటో. మూడు కెమెరాలతో ముగ్గురు తీశారు. ఎవరి డ్యూటీలో వాళ్ళు అవే మళ్ళీ మళ్ళీ ఎక్కించేసరికి వేల ఫైళ్ళయ్యాయి.

జాబితా సిద్ధమైతేగానీ బంధువులకు ఫోటోలు చూపించకూడదని పైనుంచి ఆర్డరు.

టెక్నీషియన్ కోసం ఫోన్ చేసి, వస్తే లోపలికి పంపమని వాచ్‌మన్‌కు చెప్పాడు.

గంట తర్వాత నలిగిన చొక్కాతో ఒక పెద్దాయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

“కంప్యూటర్ పనికేనా?”

ఆయన చూపు లోపలి కంప్యూటర్ మీద పడింది. “ఆ పని వచ్చండి.”

“రండి రండి, మీకోసమే చూస్తున్నా.”

ఆయన నల్ల తెర తెరిచి టకటకా ఒక లైను కొట్టాడు. అక్షరాలూ అంకెలూ జలజలా దిగాయి.

“ఏంటండీ ఇవి?”

“ఒక్కో ఫైలుకీ వేలిముద్ర లాంటిదండి. ముద్ర కలిస్తేనే రెండూ ఒకటి. పేరు చూసి మాత్రం తీయకూడదు. మూడు కెమెరాలూ ఒకటో నంబరు నుంచే మొదలెట్టాయి. పేరొకటే, మనుషులు వేరు.”

పనిమంతుడే దొరికాడని క్లర్కు సంబరపడ్డాడు. ఆ సంబరం మధ్యాహ్నం దాకా నిలవలేదు.

ఆయన ప్రతి ఫోటోనూ తెరుస్తున్నాడు. పెద్దది చేసి చెవులు, చేతులు చూస్తున్నాడు. అప్పుడుగానీ దాని కాపీలు తీసెయ్యడు.

“ముద్ర కలిసిందిగా, మళ్ళీ చూడటం దేనికి?”

“నీళ్ళలో నానిన ముఖాలు కదండీ. ఒక్కసారి చూసి తీసేస్తాను.”

మర్నాడూ అదే నత్తనడక. భోజనానికి కూడా లేవలేదు. మూడింటికి పైఅధికారి ఫోన్‌లో క్లర్కును కడిగేశాడు.

క్లర్కు ఆ కోపమంతా ఆయన మీద చూపించాడు. “మీరు లేవండి. మిగతాది నేను చూసుకుంటా.”

“ఇంకో నూట డెబ్భై ఉన్నాయండి. చూడనివ్వండి. మీకు దణ్ణం పెడతాను.”

“లేవమన్నానా!”

ఆయన లేచాడు. తెర వంకే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

క్లర్కు ఫోన్‌లో వెతికాడు. పేరు కలిస్తే ఒకటి ఉంచి మిగతావన్నీ తీసేసే లైను దొరికింది. దాన్ని ఎక్కించి మీట నొక్కాడు.

నిమిషంలో పనైపోయింది.

మిగిలినవి లెక్క చూశాడు. నూట తొంభై.

మళ్ళీ చూశాడు. నూట తొంభై.

ఉండాల్సినవి ఐదువందల నలభై.

మర్నాడు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఒకమ్మాయి వచ్చింది. “సారీ సార్, రెండు రోజులు ఆలస్యమైంది. టెక్నీషియన్ని. డిస్కు నిండింది ఇక్కడేనా?”

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టి తల అడ్డంగా ఊపింది. “ఇలా తీసేసినవి చెత్తబుట్టలోకి కూడా రావు సార్. కెమెరా కార్డులున్నాయా?”

“తుడిచి వాడేశారమ్మా.”

ఆ పెద్దాయన ఏదైనా చెయ్యగలడేమోనని క్లర్కు గేటు దగ్గరికి పరుగెత్తాడు. “మొన్న నువ్వు పంపిన కంప్యూటర్ మనిషి నంబరుందా?”

“ఆయన కంప్యూటర్ మనిషెక్కడ సార్,” అన్నాడు వాచ్‌మన్, “వరదలో కూతురు తప్పిపోయి ఐదు రోజులు ఈ గేటు దగ్గరే కూర్చుంటే చూడలేక నేనే లోపలికి పంపాను, చూడనివి ఇంకా నూట డెబ్భై ఉన్నాయట, జాబితా పెట్టగానే వచ్చి చూసుకుంటానని చెప్పి వెళ్ళాడు.”