అరగని బ్రేకు

మెకానిక్ పాత స్కూటరు ముందు చక్రం విప్పి, బ్రేకు లైనర్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, కొత్త డిస్కు బ్రేకు బిగిస్తాను గానీ, ఈ లైనర్లు ఎప్పుడు వేయించారు?"

"తొమ్మిదేళ్లయింది. బాగా అరిగాయా?"

"ఒక్క గీత కూడా పడలేదు."

"మన డ్రైవింగ్ అలాంటిది మరి," అన్నాడు బండి ఓనరు కాలరు సర్దుకుంటూ. "వెన్నలా ఆపుతాను. కావాలంటే మీ వదినని అడుగు, రోజూ వెనకే కూర్చుంటుంది."

ఆయన భార్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

మెకానిక్ బ్రేకు కేబులు లాగాడు. సగం ముక్క చేతిలోకి ఊడి వచ్చింది.

"ఇది తెగి ఏళ్లయింది అన్నా. వెనక బ్రేకు చూస్తే అంతంతమాత్రం. మరి బండి ఇన్నాళ్లూ ఎలా ఆగింది?"

ఓనరు బుర్ర గోక్కున్నాడు.

"మూడు నెలలకో చెప్పుల జత ఎందుకని సాధిస్తారుగా," అంటూ భార్య రెండు కాళ్లూ ఎత్తి చూపించింది. చెప్పుల మడమలు చిల్లులు పడి ఉన్నాయి.

మెకానిక్ డిస్కు బిగించాడు. లేచి చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"ట్రయలుకి వదినని ఎక్కించుకోకండి అన్నా. ఏ బ్రేకు పట్టిందో మనకి తెలియదు."