పిడుదులన్నీ ఒకటే అన్న గేదె

అడవి అంచున కర్రి, చుక్కి అని రెండు గేదెలుండేవి, చెరో మడుగులో. రెండింటికీ రక్తం పీల్చే పిడుదులు పట్టాయి. కర్రికి వాగు అవతలి దున్నపోతు దగ్గర అంటుకున్నాయి, చుక్కికి కొండ మీది దున్నపోతు దగ్గర. అయినా కర్రి నిగనిగలాడుతూనే ఉంది. చుక్కికి మాత్రం డొక్కలు ఎండిపోయాయి.

“నాకూ పట్టాయి కదే! వేళకు మేస్తాను, ఒళ్లంతా బురద పూసుకుంటాను. నీకు ఒళ్లు బద్ధకం,” అనేది కర్రి రోజూ.

చుక్కీ అదే గడ్డి మేస్తోంది, అలాంటి బురదలోనే పొర్లుతోంది. ఆ సంగతి చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు ఊరుకుంటోంది.

ఇద్దరి వీపుల మీదా పిడుదులు ఏరుకుతినే కొంగ ఒకనాడు ఉండబట్టలేకపోయింది. “కర్రీ, నీ మీదవి మందకొడి రకం. చుక్కి మీదవి ఒకటి ఏరేలోగా పది పుడతాయి. అది నీ గొప్పా కాదు, దాని తప్పూ కాదు.”

“పిడుదులన్నీ ఒకటే,” అంది కర్రి.

ఆ ఏడు కర్రి కొండ దున్నపోతు వెంట బయల్దేరింది. “వద్దే, దాని మీది పిడుదుల సంగతి నాకు తెలుసు,” అంది చుక్కి నీరసంగా.

“ఉన్నవి ఉండనే ఉన్నాయి. ఇంకా కొత్తగా పట్టేదేముంది?” అంటూ వెళ్లిపోయింది కర్రి.

వానలు పడేసరికి తూలుకుంటూ తిరిగొచ్చి, చుక్కి మడుగు గట్టున కూలబడింది. ఒళ్లంతా కొండ పిడుదులే.

“అక్కా, వీటితో ఇన్నాళ్లూ ఎలా నడిచావే?”

చుక్కి కాస్త జరిగి, నీడలో చోటిచ్చింది.