బోణీకి ముందు

జులై ఏడో తేదీ. ఆ పొద్దున తిన్నది అల్లం పచ్చడితో సగం పెసరట్టు.

మిగతా సగం జయకృష్ణ పళ్ళెంలోనే వదిలేశాడు. వాచీల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

“డిసెంబరు దాకా చూస్తాం సార్. అమ్మకాలు పెరక్కపోతే షోరూం తీసేస్తాం.”

పటమటలో ఆ విదేశీ వాచీల షోరూం పెట్టడానికి అతను వన్ టౌన్‌లో తండ్రి ఇచ్చిన స్టీలు సామాన్ల కొట్టు అమ్మేశాడు. ఇది కూడా పోతే వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు.

తాళం తీయడానికి వెళ్ళేసరికి మెట్ల మీద ఒక పెద్దాయన.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కాన్వాస్ బూట్లు. వారానికోసారి తలుపు తీయగానే వస్తాడు. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు.

సేల్స్ చూసే అఫ్సానా నల్లటి మెత్తగుడ్డ పరిచి, కొత్తగా వచ్చిన క్రోనోగ్రాఫ్ వాచీ తీసి ఆయన చేతికి పెట్టింది.

ఆయన పక్కనున్న మీట నొక్కాడు. సెకన్ల ముల్లు పరుగందుకుంది. కళ్ళు మూసుకుని లోపల్లోపల లెక్కపెట్టుకుని మళ్ళీ నొక్కాడు. ముల్లు ఆగింది.

“అబ్బ! ఎంత మెత్తగా ఆగిందో చూశావా అమ్మాయ్!”

“ప్యాక్ చేయించమంటారా?” కౌంటరు వెనకనుంచి అడిగాడు జయకృష్ణ.

“నాకెందుకు బాబూ? నా పెన్షన్‌కి దీని పట్టీ కూడా రాదు.” నవ్వుతూ వాచీని రెండు చేతులతో తిరిగిచ్చాడు. “ఆ నీలం రంగుది కూడా ఒకసారి పెట్టమ్మా.”

నీలందీ అయింది, తోలు పట్టీదీ అయింది. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఇంకో మనిషి గడప తొక్కలేదు. అసలే ఆషాఢం.

“ఈయన మొదట అడుగుపెట్టిన రోజల్లా ఇంతే. అది కొనే మొహం కాదు, చూసే మొహం,” అన్నాడు జయకృష్ణ.

“పాపం, మంచాయన సార్.”

“ఆయన మంచితనంతో అద్దె కడదామా?”

జయకృష్ణ వన్ టౌన్‌లో పెరిగిన మనిషి. మొదట వచ్చినవాడు ఉత్తచేతులతో వెళ్తే ఆ రోజు పోయినట్టేనని తండ్రి నమ్మకం. నష్టానికైనా సరే, ఒక గ్లాసో గరిటో అంటగట్టి పంపేవాడు. లక్షల వాచీ అలా ఎవరిస్తారు?

“ఇకమీదట బోణీ కాందే ఆయన్ని లోపలికి రానివ్వకు.”

మరుసటి వారం అఫ్సానా తలుపు దగ్గరే ఆపింది.

“ఇంకా బోణీ కాలేదండీ తాతగారూ… కాసేపు…”

“ఓ, బోణీయా! నిజమే, వ్యాపారం కదా. ఇక్కడే నిలబడతాలే.”

ఎండలో నిలబడ్డాడు. ఆమె తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగాడు. మధ్యాహ్నమైనా బోణీ కాలేదు. అద్దంలోంచి కొత్త వాచీని కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

పై వారమూ అంతే. ఆ తర్వాతి వారం వాన.

“తడుస్తున్నారు సార్. లోపల కూర్చోనన్నా ఇద్దాం.”

“బోణీ అయిందా?”

“లేదు.”

“మరి?”

కొంతసేపటికి మెట్ల మీద ఎవరూ లేరు. ఆయన మళ్ళీ రాలేదు.

కొనేవాళ్ళూ రాలేదు. శ్రావణం వచ్చింది, దసరా వెళ్ళింది. అంతకుముందు అప్పుడప్పుడన్నా చేపల చెరువుల వాళ్ళు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు కారు దిగుతూనే ఫలానా వాచీ కావాలని అడిగి మరీ కొనుక్కుపోయేవాళ్ళు. వాళ్ళంతా ఏమైపోయారో జయకృష్ణకి అంతుపట్టలేదు.

ఆ పెద్దాయన దిష్టే అనుకున్నాడు.

డిసెంబరు చివర్లో కంపెనీ వాళ్ళు వచ్చి వాచీలన్నీ పెట్టెల్లో సర్దుకుని పట్టుకెళ్ళారు. చీకటి పడుతుండగా అఫ్సానా ఖాళీ అద్దాల బీరువాలు తుడుస్తోంది. జయకృష్ణ ఒక్కొక్క దీపమే ఆర్పుతున్నాడు.

బయట కారు ఆగింది. నడివయసు మనిషొకాయన లోపలికి వచ్చాడు.

“నా పేరు సాయిగణేష్ అండీ, కైకలూరు. మా మాస్టారు వాచీ ఇక్కడే కొనుక్కోమన్నారు.”

“స్టాకు వెళ్ళిపోయిందండీ, మూసేస్తున్నాం. ఏ మాస్టారు?”

“శోభనాచలం మాస్టారండీ. చల్లపల్లిలో మా డ్రిల్లు మాస్టారు. స్టాప్‌వాచీ పట్టుకుని మమ్మల్ని పరిగెత్తించి చంపేవారు. తెల్లచొక్కా, కాన్వాస్ బూట్లు… తెలీదంటారేంటండీ? వారం వారం మీ దగ్గరికే వచ్చేవారుగా!”

అఫ్సానా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“మా స్కూల్లో చదివినవాళ్ళం ఎవరం వాచీ కొన్నా ముందు ఆయన్ని అడిగేవాళ్ళం. తన చేతికి పెట్టుకుని చూస్తేగాని చెప్పేవారు కాదు. నచ్చిందంటే తిన్నగా మీ దగ్గరికే పంపేవారు. ఈమధ్య ఎవరడిగినా, కొత్తవి చూళ్ళేదురా అనేసేవారు.”

“ఆయన… ఎలా ఉన్నారు?” అడిగింది అఫ్సానా.

“ఇవాళ మాసికమండీ. అటునుంచే వస్తున్నా.”

జయకృష్ణ దీపం స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు.

“హైదరాబాద్‌లో కొనుక్కుంటాలే మాస్టారూ అంటే ఆస్పత్రి మంచం మీంచి తిట్టారండీ. ‘కొననివాణ్ణి కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టే కొట్టు అదొక్కటేరా, అది నిలబడాలి’ అన్నారు.”

“ఎప్పుడన్నారు ఆ మాట?” అన్నాడు జయకృష్ణ.

“పోయే ముందు రోజండీ. కార్తీకంలో.”

సాయిగణేష్ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అఫ్సానా బ్యాగు తీసుకుని అతని వెనకే మెట్లు దిగింది.

జయకృష్ణ చివరి దీపం ఆర్పి బయటికొచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.