మూడో ఆవిరి

"కుస్‌కుస్ నూకకి మూడుసార్లు ఆవిరి పట్టాలి. పట్టిన ప్రతిసారీ పళ్ళెంలోకి దించి, వేడి మీదే చేత్తో నలపాలి. ఉండ కట్టనివ్వకు," అంటూ ఇల్హామ్ బూట్ల తాళ్ళు బిగించింది.

"పిల్లలతో పిక్నిక్‌కొచ్చి కూడా పరుగేనా?" అన్నాడు ఆమె భర్త మున్‌సిఫ్, చెట్ల కింద గ్యాసు పొయ్యి ముందు బిక్కమొహం వేసి.

"వచ్చే వారమే పందెం. పోయిన శుక్రవారం చుట్టాలందరి ముందూ ఏమన్నావు? నా పరుగుల వల్ల పిల్లలు ఎండు రొట్టెలు తింటున్నారన్నావు. వంటదేముంది, అంతా ఆవిరే చూసుకుంటుందన్నావు. ఇవాళ ఆ ఆవిరితోనే చెప్పుకో."

పరిగెత్తినంతసేపూ అతని వేళ్ళు చురుక్కుమనడం తలుచుకుని ఇల్హామ్ కడుపు చల్లబడింది. ఒక్కటే అనుమానం. కొడుకు చెయ్యి కాలితే, పక్కనే చాప మీదున్న అత్తగారు చూస్తూ ఊరుకుంటుందా? పళ్ళెం లాక్కుని తనే నలిపేస్తుంది. ఇక కక్ష తీరినట్టే. ఆ ఉక్రోషంతో సగం దారిలోనే వెనక్కి తిరిగింది.

మున్‌సిఫ్ రెండో ఆవిరి దించి, వేళ్ళు ఊదుకుంటున్నాడు. "అమ్మా, కాస్త నువ్వు నలపవే."

అత్తగారు లల్లా జుబైదా చాప మీద మనవరాలికి నారింజ ఒలుస్తోంది, తలెత్తలేదు. "మీ నాన్నా అదే అనేవాడురా, అంతా ఆవిరే చూసుకుంటుందని. నలుపు."

తర్వాత కోడలి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"అప్పుడే ఎందుకొచ్చావే? ఇంకా మూడో ఆవిరి ఉంది. ఇంకో చుట్టు పరిగెత్తి రా."